బిస్కత్తుగాడి నిద్ర

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం మా అమ్మాయి హన్నా ఫోన్ చేసి ఏడుపు మొదలుపెట్టింది. మాట లేదు, వెక్కిళ్ళే. తల్లి మనసు కదా, ఎక్కడెక్కడికో పోయింది. కారు యాక్సిడెంట్ అనుకున్నాను, ఉద్యోగం పోయిందనుకున్నాను, అల్లుడితో గొడవ అనుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, వాళ్ళు కొత్తగా తెచ్చుకున్న ఫెర్రెట్, అదే పిల్లిలా ఇంట్లో పెంచుకునే పొడుగాటి చిన్న జంతువు, నిద్ర లేవడం లేదట. "అమ్మా, ఐ థింక్ హి ఈజ్ డెడ్. ఎత్తితే మెడ వేలాడిపోతోంది, నేనేం చేశానో తెలీదు," అంది. నేను ఫ్రీమాంట్‌లో మా వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. చెయ్యి ఆపకుండానే చెప్పాను: ఒళ్ళో పడుకోబెట్టుకో, గుండె మీద రెండు వేళ్ళు ఆనించు, చెవుల వెనక మెల్లగా రుద్దుతూ పేరు పెట్టి పిలువు, ముక్కు దగ్గర కాస్త మాంసం వాసన చూపించు, ఇంకాసేపు చూడు. కాసేపటికి అటునుంచి ఒక కేక, దాని వెనకాలే నవ్వు. ఆవులించిందట. నీకెలా తెలుసు అని అడిగింది. మా ఇంట్లో కూడా ఒకడుండేవాడు అన్నాను. అప్పుడు గొంతు తగ్గించి ఇంకో మాట అడిగింది. "మరి నిజంగా పోయినప్పుడు ఎలా తెలుస్తుందమ్మా?" పొయ్యి మీద ఏదో మాడుతోందని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. అది చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చెప్పే సంగతి కాదు.

ఆ తర్వాత వాళ్ళ ఇంటికి వెళ్ళాను. హన్నా ఉండేది దేశానికి అటు చివర హెర్న్‌డన్‌లో, అంటే నేను పెరిగిన ఊళ్ళోనే. తలుపు తీయగానే ఆ వాసన నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది. తడిసిన గొంగళికి తేనె పూసి ఆరబెడితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. అల్లుడు నొచ్చుకుంటూ, వారం వారం షాంపూతో స్నానం చేయిస్తున్నాం ఆంటీ, అయినా పోవడం లేదు అన్నాడు. పెళ్ళయి ఇన్నాళ్ళయినా నన్ను ఆంటీ అనే పిలుస్తాడు, మంచి పిల్లవాడు. స్నానం చేయించిన కొద్దీ దాని ఒళ్ళు ఇంకా నూనె ఊరి ఇంకా కంపు కొడుతుంది నాయనా, దాని పక్కబట్టలు ఉతుకు చాలు, దాన్ని ఉతక్కు అని చెప్పాను. ఫోన్లో లోకమంతా చదువుతారు, అదే ఫోన్లో దొరికే ముసలిదాన్ని మాత్రం అడగరు. అడిగితే ఆ రోజే చెప్పేదాన్ని. మా కాలిఫోర్నియాలో వీటిని పెంచుకోనివ్వరు కాబట్టి ఈ వాసన తగిలి ఎన్నేళ్ళో అయింది. ఆ సాయంత్రమంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది నా చీర కుచ్చిళ్ళలో దూరి పడుకుంటే, మా నానమ్మ పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

నానమ్మ కోనసీమ నుంచి మా దగ్గరికి వచ్చింది తాతయ్య పోయాక. నాన్న ఒక్కడే కొడుకు. పగలు నాన్న ఆఫీసుకి పోయేవాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు చేసి పగలు మేడ మీద గదిలో కర్టెన్లు వేసుకుని పడుకునేది. నేను స్కూల్ బస్సెక్కాక ఆ ఇంట్లో నానమ్మ, ఫ్రిజ్ చప్పుడు, అంతే. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు మీద మనిషి కనిపిస్తాడేమోనని చూసేది. కనిపించరు కదా, అందరూ కార్లలోనే. మొగుడు పోయిన దుఃఖం ఒకటి, పలకరించే దిక్కు లేకపోవడం ఒకటి. ఇది మూగ ఊరమ్మా, వేసవి రాగానే నన్ను పంపేయమని మీ నాన్నకి చెప్పు అనేది. ఆవిడ వెళ్ళిపోతుందేమోనని నాకు భయం. ఆవిడ ఉంటే స్కూల్ నుంచి వచ్చేసరికి తలుపు తీసే మనిషి ఉండేది, వేడిగా అట్టు ఉండేది, ఇంట్లో తెలుగు ఉండేది.

అలాంటప్పుడు పక్కింటి మిసెస్ హాబ్స్ కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళిపోతూ తన ఫెర్రెట్‌ని పంజరంతో సహా నాకు ఇచ్చేసింది. పేరు బిస్కిట్. లేత గోధుమరంగు ఒళ్ళు, కళ్ళ చుట్టూ దొంగ కట్టుకున్న గుడ్డలాగా నల్లటి పట్టీ, ఇంత పొడుగు నడుము. వెళ్ళేముందు ఆవిడ మా డ్రైవ్‌వేలో నిలబడి ఎన్నో జాగ్రత్తలు చెప్పింది. మాంసం తప్ప ఏదీ పెట్టొద్దు, పాలు వద్దు, తీపి వద్దు. కడుపు చిన్నది కాబట్టి తిండి ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. ఎండ తగలనివ్వొద్దు. కుక్కలకి వేయించే డిస్టెంపర్ టీకా దీనికీ వేయించాలి. ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వస్తే దగ్గరికి రానివ్వొద్దు, మనుషుల జలుబు దానికి అంటుకుంటుంది. రబ్బరు కనిపిస్తే కొరికి మింగుతుంది, పేగుకి అడ్డం పడి ప్రాణం మీదికొస్తుంది. వాషింగ్ మెషీన్ వేసేముందు, సాగే కుర్చీ వెనక్కి వాల్చేముందు లోపల పడుకుందేమో చూసుకోవాలి. అన్నీ చెప్పింది మహాతల్లి, అసలైన ముక్క ఒక్కటి చెప్పడం మర్చిపోయింది.

నానమ్మ దాన్ని చూసీ చూడగానే, ఇది ముంగిస అంది. కాదు నానమ్మా, ఫెర్రెట్ అంటే, పేరు మారిస్తే బుద్ధి మారుతుందా అంది. ఊళ్ళో ఆవిడ కోళ్ళు పెంచేది. పెట్టలు పొదిగి లేపిన పిల్లల్ని ముంగిసలు ఎత్తుకుపోతుంటే కర్ర పుచ్చుకుని దొడ్డంతా తరిమిన మనిషి. పాము కరవకుండా చూస్తుందనీ, ఎదురైతే శుభమనీ ఎవరైనా అంటే, శుభం వాళ్ళకి, పిల్లలు పోయేది నాకు అనేదట. అలాంటి జంతువుని తెచ్చి నట్టింట్లో పెడితే ఊరుకుంటుందా? నాన్నని పిలిచి తేల్చి చెప్పేసింది. "ఒరేయ్, ఆ ముంగిసన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఆలోచించుకో." నాన్నకి ఆలోచించడానికి ఏముంది, తల్లి కదా. దగ్గర్లోని మనసాస్‌లో ఉన్న మిసెస్ హాబ్స్ మేనకోడలికి ఫోన్ చేసి ఆదివారం వచ్చి తీసుకెళ్ళమన్నాడు. నేను అన్నం మానేశాను. ఆదివారం లోపల నానమ్మ మనసు మారకపోతే బిస్కిట్ పోతాడు, బిస్కిట్ ఉంటే నానమ్మ పోతుంది. ఇద్దరూ ఉండేలా చూడు ప్రభువా అని ఆ వారమంతా ఒకటే ప్రార్థన.

ప్రార్థన ఫలించే సూచనలేమీ కనిపించలేదు. ఫెర్రెట్ అంటేనే లాటిన్‌లో దొంగ అని అర్థమట, తర్వాత ఎప్పుడో చదివాను. నానమ్మకి ఆ లాటిన్ అవసరం లేకుండానే తెలిసింది. సాక్సులు, తాళంచెవులు, బంగాళాదుంపలు, ఏది దొరికితే అది ఈడ్చుకుపోయి బట్టలారబెట్టే మెషీన్ వెనకాల దాచేవాడు. శుక్రవారం పొద్దున నానమ్మ దిండు కింద నుంచి తాతయ్య కళ్ళజోడు పెట్టెని లాక్కుపోయాడు. ఆయన పోయాక ఆవిడ ఆ కళ్ళజోడుని దిండు కిందే పెట్టుకుని పడుకునేది. మెషీన్ వెనక చేయి పెట్టి తీసుకునేసరికి తోలు మీద పళ్ళగాట్లు. నేను బ్యాగు తగిలించుకుని బస్సుకి పరిగెడుతుంటే వెనకనుంచి ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. "నీ దుంపతెగ, పడుకున్నోడివి మళ్ళీ లేవకుండా పోతావురా సచ్చినోడా!" మా గోదావరి వాళ్ళ నోట్లో ఆ మాటకి పెద్ద అర్థమేమీ లేదు. కన్నకొడుకునీ అంటారు, మనవడినీ అంటారు, ముద్దొస్తే ఇంకా ఎక్కువగా అంటారు. కానీ ఆ రోజు ఆవిడ ముద్దుగా అనలేదు.

సాయంత్రం బస్సు దిగి వస్తే తలుపు తీసేవాళ్ళు లేరు. పెరటి తలుపు నుంచి లోపలికి వెళ్ళాను. బట్టలుతికే గదిలో నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది నానమ్మ. ఒళ్ళో చీర కొంగు పరిచి, దాని మీద బిస్కిట్. తల ఒకవైపు వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, ఎత్తితే తడిగుడ్డలా ఇటు అటు వేలాడుతున్నాడు. నానమ్మ నన్ను చూసి, "నా నోటి మాటే తగిలిందమ్మా దీనికి," అంది. నేను ఏడుస్తూ పక్కన కూలబడ్డాను. అప్పుడు ఆవిడ, నా వైపు చూడకుండా, దాని ఒళ్ళు నిమురుతూ చెప్పుకొచ్చింది. "మీ తాతగారూ ఇంతేనమ్మా. అన్నం తిని పడుకున్నారు. కాఫీ పెట్టి పిలిచాను. పలకలేదు. ఏంటండీ సచ్చినట్టు ఆ నిద్ర, లేవండీ అన్నాను. అనేసి దగ్గరికెళ్ళి చూశాను." నాన్నకి కూడా తెలియదు ఆ సంగతి. ఊళ్ళో ఎవరితోనూ చెప్పలేదట. మొగుడి చెవిన పడిన ఆఖరి మాట అదేనేమోనని, అసలు ఆయనకి వినపడిందో లేదోనని, అన్నాళ్ళూ లోపలే పెట్టుకుని తిరిగింది ఆ మనిషి.

నా ఏడుపుకి మేడ మీద అమ్మ లేచి, జుట్టు విరబోసుకునే దిగి వచ్చింది. ఏమైందని అడగలేదు. నేల మీద కూర్చుని, బిస్కిట్ ఛాతీ మీద రెండు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని చూసింది. తర్వాత నానమ్మ చెయ్యి పట్టుకుని ఆ వేళ్ళ చోట పెట్టింది. "అత్తయ్యగారూ, గుండె కొట్టుకుంటోంది. చూడండి. నిద్రపోతున్నాడంతే. ఇంకాసేపు చూద్దాం." మూడు తరాల ఆడవాళ్ళం ఆ ఇరుకు గదిలో మోకాళ్ళు ఆనించుకుని కూర్చున్నాం. అమ్మ చెవుల వెనక రుద్దుతోంది. నేను పేరు పెట్టి పిలుస్తున్నాను. నానమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనే అయివుంటుంది. ఉన్నట్టుండి బిస్కిట్ నోరంతా తెరిచి పెద్దగా ఆవులించాడు. ఎర్రటి నాలుక చుట్టి, ఒళ్ళు విరుచుకుని, ఎవరర్రా మీరంతా అన్నట్టు చూశాడు. నానమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నీ దుంప..." అని ఆగిపోయింది. మింగేసింది ఆ మాటని. దాన్ని గుండెకి హత్తుకుని, "నీ ఇల్లు బంగారంగాను," అంది.

ఆదివారం మేనకోడలు వచ్చింది. నానమ్మ కొంగు బిగించుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఎవర్రా, మా ముంగిసని ఇవ్వడమేంటి, ఏం మనింట్లో దానికి చోటు కరువైందా అని నాన్నని తెలుగులో కడిగేస్తుంటే, నాన్న ఆ అమ్మాయికి ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పి టీ ఇచ్చి పంపాడు. నానమ్మ తిరుగు టిక్కెట్టు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. వేసవి వచ్చింది, వెళ్ళింది. పోతే దీన్ని ఎవరు చూస్తారు అనేది నానమ్మ, మేమేదో అడిగినట్టు.

ఆ రోజు నుంచి వాడు బిస్కిట్ కాదు, బిస్కత్తుగాడు. మిసెస్ హాబ్స్ మర్చిపోయిన ముక్క, వీటి మొద్దునిద్ర సంగతి, మాకు మేమే తెలుసుకున్నాం. ఆవిడ చెప్పిన జాగ్రత్తలకి నానమ్మ తన జాగ్రత్తలు కలిపింది. పంజరంలో చెక్క పెట్టెలో పడుకుంటే నడుము పట్టేస్తుందని, మెత్తబడిన నేత చీర చింపి నాలుగు మూలలా కట్టి, చంటిపిల్లలకి కట్టినట్టు ఉయ్యాల కట్టింది. ఇప్పుడు హన్నా అదే ఉయ్యాలని కొట్లో కొనుక్కొచ్చింది, పులిచారలతో. గోళ్ళు తీసేటప్పుడు పెనుగులాడకుండా బొడ్డు మీద ఒక్క చుక్క నెయ్యి రాసేది. వాడు వంగి అది నాకుతూ ఉంటే అమ్మ నాలుగు కాళ్ళ గోళ్ళూ కత్తిరించేసేది. సంతోషం వస్తే వాడు నడుము విల్లులా వంచి వెనక్కి వెనక్కి గెంతుతూ, గొంతులో కొక్కొక్కొక్ అనేవాడు. అచ్చం పొదుగు మీదున్న పెట్టలాగే ఉందే, కోళ్ళని తినీ తినీ ఆ గొంతే వచ్చింది దొంగకి అని మురిసిపోయేది. పెరుగన్నం ముద్ద పెట్టబోతే మాత్రం నేను అడ్డుపడేదాన్ని. పెరుగన్నం పడని ప్రాణి కూడా ఉంటుందా అని అదొక్కటి ఆవిడకి చివరిదాకా ఆశ్చర్యమే.

శనివారం అమ్మ కోడి తెచ్చేది. ఇక్కడి కోడి కడుపులో చిన్న కాగితం సంచిలో కార్జం, కందనకాయ పెట్టి అమ్మేవాళ్ళు. అమ్మ ఆ సంచిని తీసి చెత్తబుట్టలో పడేసేది. నానమ్మ ఒకసారి అది చూసి గుండెలు బాదుకుంది. ఊళ్ళో ఎన్ని కోళ్ళు కోసినా కందనకాయ తాతయ్యదే. పిల్లలు అడిగినా పెట్టేది కాదట, ముందు ఆయన కంచంలో పడాల్సిందే. ఆయన పోయాక ఆవిడ కోడికూర వండటమే మానేసింది. ఇప్పుడు ఆ కాగితం సంచి విప్పి, కందనకాయ శుభ్రంగా కడిగి, సన్నగా తరిగి, ఉప్పూ కారం తగలకుండా బిస్కత్తుగాడి గిన్నెలో పెట్టడం మొదలుపెట్టింది. మిగతా కోడితో మాకు కూర. ఆ వాసనకి ఇల్లు మళ్ళీ ఇల్లయింది. నానమ్మ వచ్చాక అంత కమ్మగా తిన్నది అప్పుడే.

నెలకో ఆదివారం ప్రార్థన కూటం మా ఇంట్లో. మేరీల్యాండ్ నుంచి కూడా వచ్చేవాళ్ళు. మన అలవాటు ఉంది కదా, అందరూ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్ళు. కళ్ళు మూసుకుని మోకరించి ఉండగా, కూటం నడిపే జోసెఫ్ అంకుల్ సుదీర్ఘంగా ప్రార్థిస్తుండగా, బిస్కత్తుగాడు జతకొకటి చొప్పున ఈడ్చుకుపోయేవాడు. అంకుల్ ఒకసారి ఒక కాలికి తన బూటు, ఇంకో కాలికి మా నాన్న స్లిప్పరు వేసుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాడు. నవ్వులాట పక్కన పెడితే అందులో ప్రమాదం ఉంది. హవాయి చెప్పుల రబ్బరు కంటే ఫెర్రెట్‌కి రుచైనది ఇంకోటి లేదు. తెలుగువాళ్ళ గుమ్మం కంటే దానికి అపాయమైన చోటూ లేదు. ఒక్క ముక్క మింగాడంటే ఆపరేషనే. అందుకని నానమ్మ కూటం జరిగినంతసేపూ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, బైబిలు ఒక చేత్తో, చెప్పులు కాయడం ఒక చేత్తో. కొత్తగా ఫెర్రెట్‌ని తెచ్చుకునే మనవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే: చెప్పుల బీరువాకి తలుపు పెట్టించుకోండి.

ఆ పాత చావు మాట మాత్రం ఆవిడ మళ్ళీ అనలేదు. మమ్మల్నీ అననివ్వలేదు. కారు బ్యాటరీ డెడ్ అయిందని నాన్న అనబోతే కళ్ళెర్రజేసేది. మా ఇంట్లో బ్యాటరీలు పడుకునేవి, గడియారాలు పడుకునేవి, చలికి మొక్కలు కూడా పడుకునేవి. కోపం వస్తే అందరికీ ఒకటే తిట్టు, నీ ఇల్లు బంగారంగాను అని. జోసెఫ్ అంకుల్‌ని కూడా అంది.

హన్నా దగ్గర ఇప్పుడు ఏది లేదని? ఫెర్రెట్లని మాత్రమే చూసే డాక్టరున్నాడు, వాటి తిండే వేరే డబ్బాల్లో వస్తుంది, వేళకి ఫోన్ మోగి గుర్తుచేస్తుంది, అది ఇంట్లో ఏం చేస్తోందో ఆఫీసులో కూర్చుని కెమెరాలో చూసుకుంటుంది. మంచిదే, నేను కాదనను. మా రోజుల్లో పశువుల డాక్టర్లు బిస్కత్తుగాణ్ణి చూసి ఇదేమిటని మమ్మల్నే అడిగేవాళ్ళు. కానీ పగలంతా ఆ ఇంట్లో దానితో మాట్లాడే మనిషి లేదు. కెమెరా చూస్తుంది, మాట్లాడదు. లేవకపోతే భయపడటానికి పిల్ల ఒక్కతే, పక్కన మోకాలు ఆనించి కూర్చునేవాళ్ళు లేరు. అందుకే అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉండిపోయాను. ఒక సాయంత్రం అది మా ఇద్దరి మధ్య పడుకుని ఉంటే, హన్నా మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, నిజంగా పోయినప్పుడు ఎలా తెలుస్తుందని. ఈసారి పొయ్యి మీద ఏమీ పెట్టలేదు. చెప్పాను.

అప్పటికి నేను హైస్కూల్ చివరికొచ్చాను. బిస్కత్తుగాడు ముసలివాడయ్యాడు. తోక మీద వెంట్రుకలు ఊడిపోయాయి, వెనక కాళ్ళు తేలిపోతున్నాయి. ఉయ్యాల ఎక్కలేకపోతుంటే నానమ్మ దాన్ని కిందికి దించి కట్టింది. ఒక శనివారం పొద్దున వాడు లేవలేదు. మాకు అలవాటే కదా, ఎవరూ కంగారు పడలేదు. నానమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని చెవుల వెనక రుద్దుతోంది. ఫ్రిజ్‌లో దాచిన కందనకాయ ముక్క ముక్కు దగ్గర పెట్టింది. అమ్మ వచ్చి ఛాతీ మీద వేళ్ళు పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత తల ఎత్తి నాన్న వైపు చూసింది. నర్సు వేళ్ళు అవి, వాటికి తెలిసిపోయింది. నోరు తెరవబోతుంటే నానమ్మే అంది, "ఇంకాసేపు చూద్దామమ్మా."

చూశాం. నాన్న టీవీ కట్టేశాడు. ఎవరమూ అన్నానికి లేవలేదు. కిటికీలోంచి ఎండ ఆవిడ పాదాల మీద నుంచి ఒళ్ళోకి వచ్చింది, ఒళ్ళోంచి గోడ మీదికి పోయింది. అంతసేపూ ఆవిడ వాడికి ఊళ్ళో సంగతులు చెబుతూనే ఉంది, కోళ్ళ గురించి, తాతయ్య గురించి. తాతయ్య దగ్గర ఇలా కూర్చునే వీలు ఆవిడకి దొరకలేదు. పిలిచింది, చూసింది, ఆపైన ఇంటినిండా జనం. వెలుగు తగ్గాక వాడి పొట్ట కింద చెయ్యి పెట్టి చూసుకుని, "చల్లబడ్డాడమ్మా," అంది అమ్మతో. కొంగు తీసి వాడి మీద కప్పింది. ఒంగి, ముఖంలో ముఖం పెట్టి, అన్నేళ్ళుగా నోట్లోకి రానివ్వని మాటని ఎంతో నెమ్మదిగా, జోల పాడుతున్నట్టు అంది. "పోయావురా, సచ్చినోడా."

నాన్న పెరట్లో పుదీనా మడి పక్కన తవ్వాడు. ఉయ్యాల చీరలోనే చుట్టి పెట్టాం. మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక నానమ్మ ఎప్పటిలాగే కోడి కడుపులోంచి కాగితం సంచి తీసి విప్పింది. ఈసారి కందనకాయ విడిగా తీయలేదు, ఉప్పూ కారం వేసి కూరలోనే వండింది. అందరికీ వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చి, గరిటెతో వెతికి ఆ ముక్కని నా కంచంలో వేసింది. అంతవరకూ ఆ ఇంట్లో అది నాకెప్పుడూ పెట్టలేదు. నేను ముఖం ఎత్తి చూస్తే, "తినమ్మా, చల్లారిపోద్ది," అంది. తిన్నాను.